మోకాళ్ల నొప్పి



కుప్పం పక్క పల్లెల్లో పనంతా గొంతు కూచుని చేసేదే. చెనక్కాయ చేలో కలుపు తీయాల. టమోటా కోయాల. పాలు పిండాల. పుంగనూరు ఆవైతే మూడడుగుల పొట్టిది, ఇంకా కిందికి వంగాల!

ఇట్లా 20, 30 ఏండ్లు చేసినాక మోకాళ్లు నొప్పి పుడతాయి. "వయసైపోయింది, ఇంక కాళ్లు పోయినట్టే" అని కొందరు మంచం దిగరు. నొప్పి అక్కడే ముదురుతుంది.

మోకాలి లోపల ఏముంది? పైన తొడ ఎముక, కింద కాలి ఎముక, ముందర చిప్ప. ఎముకల చివర్లకు నున్నటి పొర ఉంటుంది. ఇరుసుకు కందెన లాగా నడుమ జిగురు నీళ్లుంటాయి. వయసు, ఒంటి బరువు, పాత దెబ్బ, గొంతు కూచునే పని, వీటి వల్ల ఆ పొర పలచబడుతుంది. ముట్లు ఆగిన ఆడవాళ్లకు ఇది ఎక్కువ. పోయిన పొరను మళ్లీ తెచ్చే మందు లేదు. కానీ తొడ కండ గట్టిగా ఉంటే కీలుకు ఆసరా. కదలకుండా పడుకుంటే కండ సన్నబడి బరువంతా కీలు మీదే పడుతుంది.

పుత్తూరు కట్టు ఈ జిల్లాల్లో తెలియనివాళ్లు లేరు. అది విరిగిన ఎముకకు. అరిగిన మోకాలిని కట్టి కూచోబెడితే కండే తగ్గిపోతుంది.

మరి ఏం చేయాల? కాలు చాపి కూచోండి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. మోకాలితో దాన్ని కిందికి నొక్కి, 5 లెక్కపెట్టి వదలండి. ఇట్లా 10 సార్లు, పొద్దున, సాయంత్రం. మెల్లగా రోజూ నడవండి. లావుగా ఉన్నవాళ్లు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. కలుపు తీసేటప్పుడు నడుమ నడుమ లేచి నిలబడండి. పాలు పిండటానికి పీట వేసుకోండి. కర్ర పట్టుకుంటే నొప్పి లేని పక్క చేత్తో పట్టుకోవాల. చాలామంది నొప్పి పక్కే పట్టుకుంటారు!

ఇంక మాత్రల సంగతి. నొప్పి మాత్ర తెలియకుండా నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు చెడతాయి. పొట్లాల్లో కట్టిచ్చే పేరు లేని మాత్రల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. రెండు రోజుల్లో నొప్పి మాయం, ఆనక మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. చాన్నాళ్లుగా మింగుతుంటే ఒక్కసారిగా మానొద్దు, ముందు డాక్టరుకు చెప్పండి. ఏ మాత్ర కొన్నా దాని పేరు తెలుగులో రాసివ్వమని షాపులో అడగండి.

మోకాలు ఎర్రగా వాచి, వేడెక్కి, జ్వరం వచ్చినా, పడినాక కాలు మోపలేకపోయినా ఆగొద్దు. ఆ పొద్దే పోవాల. కుప్పంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రీ ఉంది. మింగే మాత్రల అట్టలు, ఆ రాసిచ్చిన చీటీ చేత పట్టుకుని పోండి.