గాలికి పడిన చెట్టుకు ఎన్ని కాగితాలు?
(సంఘం మండల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



అక్టోబరు నెల దగ్గరపడుతుందంటే మన ఉద్దానంలో అందరి చూపూ ఆకాశం మీదే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మన నెత్తి మీదే తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో తాత నాటిన కొబ్బరి, తండ్రి నాటిన జీడి ఒక్క పూటలో నేలకూలిపోయాయి. తుపాను గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. తుపాను వెళ్లిపోయాక పడిన చెట్టును తీయడానికి మనం పడే పాట్ల గురించి మాత్రం మాట్లాడుకోవాలి.

పడిన చెట్టు చుట్టూ మూడు శాఖల పని ఉంటుంది. నష్టం లెక్క రాసేది రెవెన్యూ, ఉద్యాన శాఖలు. కలప చెట్టు కోతకు, రవాణాకు అనుమతి ఇచ్చేది అటవీ శాఖ. ముగ్గురూ మూడు రోజుల్లో మూడుసార్లు వస్తే అదృష్టమే అనుకోవాలి. ఈలోగా రైతు ఏం చెయ్యాలి? చెట్టు కోసేస్తే "లెక్కకు సాక్ష్యం ఏదీ?" అంటారు. కోయకుండా ఉంచితే తోటలోకి పురుగు వస్తుంది. మన కష్టమంతా ఈ రెంటి మధ్యే ఉంది.

పురుగు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. కుళ్లే కొబ్బరి మొద్దులో, పెంటకుప్పలో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. అందులోనే పిల్ల పురుగులు పెరుగుతాయి. పెద్దవై బయటికొచ్చి, నిలబడి ఉన్న చెట్ల మొవ్వు తొలుస్తాయి. గాలికి గాయపడిన చెట్టు వాసనకు ఎర్ర ముక్కు పురుగు చేరుతుంది. అంటే తుపాను వదిలేసిన చెట్టును ఆలస్యం చంపుతుంది. ఆఫీసులో ఫైలు ఆగిన ప్రతి వారం పక్క రైతు తోటకు కూడా నష్టమే.

ఇప్పుడు ఏ చెట్టుకు ఏ నిబంధనో విడదీసి చూద్దాం.

కొబ్బరి, జీడి విషయంలో మనకొచ్చే అసలు చిక్కు నష్టం లెక్క. టేకు లాంటి కలప చెట్టు సంగతి వేరు. అది మన గట్టు మీదే ఉన్నా, మన పట్టా భూమిలోదే అయినా, 2002 నాటి వాల్టా చట్టం కింద నరకడానికి అనుమతి కావాలి. ఊరు దాటించడానికి 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనల ప్రకారం పర్మిట్ కావాలి. గాలికి పడిందని చెప్పి దుంగలు ట్రాక్టరులో వేసుకుని బయల్దేరితే చెక్‌పోస్టు దగ్గర బండి ఆగిపోతుంది. రోడ్డు పక్క చెట్టు మన పొలంలోకి ఒరిగినా అది మనది కాదు. పంచాయతీకో, రోడ్ల శాఖకో చెప్పి వాళ్ల చేతే తీయించాలి. కరెంటు తీగ మీద పడిన చెట్టు జోలికి ఎవరూ వెళ్లొద్దు. లైన్‌మన్ వచ్చి లైను ఆపానని చెప్పేదాకా కత్తి పట్టొద్దు. ప్రాణం కంటే చెట్టు ఎక్కువ కాదు.

మరి మనం చెయ్యగలిగిందేమిటి? నాలుగు పనులు చెబుతాను.

ఒకటి, గాలి తగ్గగానే ఫోటోలు తీయండి. పడిన ప్రతి చెట్టూ వేరుతో సహా కనపడాలి. మొద్దు మీద సున్నంతో నంబరు వేసి తీస్తే మరీ మంచిది.

రెండు, సర్వే నంబరు, చెట్ల రకం, లెక్క రాసి గ్రామ సచివాలయంలో అర్జీ ఇవ్వండి. కలప చెట్టయితే అటవీ రేంజ్ ఆఫీసుకు వేరే అర్జీ పెట్టండి. నోటి మాట చెల్లదు. తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోకుండా ఇంటికి రావద్దు.

మూడు, లెక్క రాసుకున్నాక జాబితాలో మన పేరు, చెట్ల సంఖ్య చూసుకోండి. తప్పుంటే అభ్యంతరం కాగితం మీద పెట్టండి. కౌలు రైతులు తమ పేరు ఎక్కడుందో తప్పకుండా అడగాలి.

నాలుగు, లెక్క అవగానే కొబ్బరి మొద్దులను చీల్చి ఎండబెట్టండి, లేదా తోట నుంచి తీసేయండి. ఒరిగిన చిన్న మొక్కలను మాత్రం నరకొద్దు. వేరు బతికుంటే లేపి, మట్టి ఎగదోసి, ఊతం కడితే చాలావరకు నిలబడతాయి.

ఇవి మన పనులు. ప్రభుత్వం చెయ్యాల్సినవి వేరే ఉన్నాయి.

2022-26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సహాయ నిబంధనల్లో తోట పంటకు హెక్టారుకు 22,500 రూపాయలు రాశారు. అదీ 33 శాతం, ఆపైన నష్టం ఉంటేనే, రెండు హెక్టార్ల వరకే. హెక్టారుకు సుమారు 175 కొబ్బరి చెట్లు. భాగించి చూడండి, చెట్టుకు 130 రూపాయలు కూడా రాదు. ఒక మనిషి ఒక పూట కూలికి చాలదు. చెట్టు విలువ పక్కన పెట్టండి, పడిన చెట్టును తీయించడానికే ఇది సరిపోదు. అందుకే చెట్టు లెక్కన పరిహారం, తొలగింపు ఖర్చు విడిగా ఇవ్వాలని రాష్ట్రాన్ని మనం అడుగుతున్నాం.

రెండో కోరిక ఉమ్మడి తనిఖీ. రెవెన్యూ, ఉద్యాన, అటవీ సిబ్బంది ఒకే రోజు, ఒకే జాబితాతో ఊరికి రావాలి. ఆ జాబితానే నష్టం లెక్కకు, కోత అనుమతికి, రవాణా పర్మిట్‌కి ఆధారం కావాలి. ఫలానా రోజుకు రాకపోతే రైతు తీసిన ఫోటోలు, అర్జీ రసీదే సాక్ష్యంగా చెల్లాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. పక్కన కర్ణాటకలో 1976 నాటి చెట్ల పరిరక్షణ చట్టం చూడండి. చచ్చిన చెట్టుకు, గాలికి పడిన చెట్టుకు, ప్రాణానికో ఆస్తికో ప్రమాదంగా ఉన్న చెట్టుకు అనుమతి నిరాకరించకూడదని అందులో రాసే ఉంది. చెట్లను కాపాడే చట్టమే ఆ మాట చెప్పింది. గొడ్డలికి అడ్డం పడడానికే ఆ చట్టాలు, తుపాను దెబ్బ తిన్నవాణ్ణి తిప్పడానికి కాదు.

వాల్టా చట్టం వద్దని మనం అనడం లేదు. చెట్టు విలువ మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. గాలికి అడ్డం నిలిచే తోట లేకపోతే ఉద్దానంలో ఊళ్లే ఉండవు. ఒరిగిన చెట్టు పేరు చెప్పి నిలబడ్డ టేకు కొట్టేసే వ్యాపారులను ముందు మనమే ఆపాలి. అప్పుడే మన అర్జీకి బలం.

ఈ నెలలోనే ప్రతి గ్రామ కమిటీ ఒక పుస్తకం పెట్టి, రైతువారీగా సర్వే నంబర్లు, చెట్ల సంఖ్య ఇప్పుడే రాసిపెట్టాలి. సచివాలయంలో ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోవాలి. తుపాను వచ్చాక ఎన్ని చెట్లు పడ్డాయో చెప్పాలంటే, ముందు ఎన్ని ఉండేవో కాగితం మీద ఉండాలి. వచ్చే నెల సమావేశానికి ఆ పుస్తకాలు పట్టుకుని రండి. అవి పట్టుకునే కలెక్టర్ గారి దగ్గరికి వెళదాం.