బాటసారి హక్కు





జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలను దివ్య ఖుర్‌ఆన్ పేర్కొన్నది. వాటిలో నిరుపేదల గురించి, రుణగ్రస్తుల గురించి మనం ఏటా మాట్లాడుకుంటాం. చివరన ఉన్న బాటసారి గురించి మాత్రం అంతగా మాట్లాడుకోం. సొంత ఊళ్లో ఎంత కలిగినవాడైనా, పరాయి చోట చేతిలో పైకం లేక చిక్కుకుపోతే మన సొమ్ములో అతనికి వాటా ఉంది.

పరాయి చోట ఆశ్రయం విలువ ఏమిటో మన తొలితరం ముస్లిములకు తెలుసు. మక్కాలో హింస భరించలేక క్రీ.శ. 615లో కొందరు ఎర్రసముద్రం దాటి హబషా చేరారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. ఖురైషీలు కానుకలతో దూతలను పంపి, వచ్చినవారిని అప్పగించమన్నారు. రాజు ముందు వారి మాట విన్నాడు. హజ్రత్ జాఫర్ (రజి) మర్యమ్ సూరాలోని వాక్యాలు వినిపించారు. రాజు కానుకలను తిప్పి పంపాడు, అతిథులను అప్పగించలేదు. నజాషీ మరణవార్త తెలిసినప్పుడు దైవప్రవక్త (స) మదీనాలోనే ఆయన కోసం జనాజా నమాజు చేయించారు.

ఆ మేలు మన మీద రుణంగా ఉంది. ఇప్పుడు మన హైదరాబాదుకు సూడాన్, యెమెన్, సోమాలియాల నుంచి విద్యార్థులు వస్తున్నారు. మయన్మార్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు బాలాపూర్ ప్రాంతంలో తలదాచుకుంటున్నాయి. ఒడిశా కూలీలు ఊరి చుట్టూ ఇటుక బట్టీల్లో పనిచేస్తున్నారు. వీరిలో ముస్లిములూ ఉన్నారు, ఇతరులూ ఉన్నారు. నజాషీ ఆశ్రయమిచ్చింది తన మతస్థులకు కాదని మరువరాదు.

మన సంగతి కూడా చెప్పుకుందాం. రమజానులో రేషన్ కిట్లు పంచాం, ఫోటోలు దిగాం. అదే నెలలో ఒక సూడాన్ విద్యార్థి అద్దె గది కోసం మన వీధుల్లోనే తిరిగాడు. పరదేశీలకు ఇవ్వమన్నవారిలో మనవాళ్లూ ఉన్నారు. ఆ సాయంత్రం అతడు మన పక్కనే మగ్రిబ్ నమాజు చేశాడు. సఫ్‌లో భుజం కలిపాం గానీ ఇంట్లో చోటివ్వలేకపోయాం.

కిట్టు ఇచ్చి పంపడం తేలిక. గది ఇవ్వడం, ఆస్పత్రికి తోడు వెళ్లి డాక్టరుకు అతని బాధ తెలుగులో చెప్పడం, వారి పిల్లవాణ్ణి బడిలో చేర్పించే దాకా వెంట నడవడం కష్టం. వచ్చే ఏడాది ఇక్కడ కూర్చునే నాటికి మనలో ప్రతి ఒక్కరికీ పేరు పెట్టి పిలిచేంత పరిచయమున్న పరదేశి ఒక్కరైనా ఉండాలి.

అల్లాహ్ మన మనసులను, మన ఇళ్లను విశాలం చేయుగాక! ఆమీన్.