బ్రౌను అను ఇంటిపేరు

కడప పట్టణమున 'బ్రౌను' అను మాట వినని చదువరులు అరుదు. ఆ పేరు మనకు ఒక దొరను, ఒక నిఘంటువును స్ఫురింపజేయును. పుట్టినచోట మాత్రము దాని యర్థము వేరు. ఒక ఇంటిపేరు ఎట్లు పుట్టునో, దేశాంతరమున ఎట్లు మాఱునో తెలుపుటకు ఈ పేరు మంచి నిదర్శనము గనుక దానిని గూర్చి నాలుగు మాటలు మనవిచేసెదను.

మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. ఆంగ్లేయులకు ఈ వరుస తలక్రిందులు. పూర్వము వారికి ఇంటిపేరే లేదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, పన్నులకును భూములకును లెక్కలు వ్రాయవలసి వచ్చినప్పుడు, ఒక పల్లెలోని నలుగురు జానులను వేఱుపఱచుట కష్టమయ్యెను. అందుచే ఒకనికి ఊరిపేరును, ఒకనికి తండ్రిపేరును, ఒకనికి వృత్తిపేరును, ఒకనికి రూపమునుబట్టి వచ్చిన పేరును తగిలించిరి. రెండు మూడు శతాబ్దములలో ఇవి కొడుకులకును మనుమలకును సంక్రమించి స్థిరపడెను. స్మిత్తనగా కమ్మరి, జాన్సననగా జాను కొడుకు. బ్రౌను రూపమునుబట్టి వచ్చిన పేరు. పాత ఇంగ్లీషులో 'బ్రూన్' అనగా గోధుమవన్నె. జుట్టో, మేనిచాయయో ఆ వన్నెగా నున్నవానిని ఇరుగుపొరుగువారు అట్లు పిలిచిరి. మనలో నల్లవారు, ఎఱ్ఱవారు అను ఇంటిపేరులు లేవా? ఇదియు అట్టిదే.

గోధుమవన్నె జుట్టు ఏ యూరనైన నుండును గనుక ఆ పేరు పలుచోట్ల వేర్వేరుగా పుట్టినది. స్కాట్లండులో గేలిక్ భాషలోని 'డొన్' అనుమాటకు అర్థము ఇదే గనుక ఆ పేరుగల కొందఱు బ్రౌనులైరి. జర్మనీనుండి వలసపోయిన బ్రౌనులు కొందఱు తమ పేరును ఇంగ్లీషు వర్ణక్రమమునకు మార్చుకొనిరి. కావున బ్రౌనులందఱు ఒక్క వంశమువారని తలచుట పొరపాటు. మనలోనుగూడ ఒకే యూరినుండి వచ్చిన వేర్వేరు కులములవారికి ఒకే ఇంటిపేరుండుట గలదు.

ఈ సామాన్యమైన పేరుగల చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించి, 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చెను. ఇక్కడ బంగళా కొని, పండితులను చేర్చి, స్వంతధనముతో తాళపత్రగ్రంథములకు ప్రతులు వ్రాయించి, పాఠములు సరిచూపించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చొత్తించెను. 1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. పండితులు దానిని 'బ్రౌణ్యము' అనిరి. ఒక రంగును తెలుపు ఇంగ్లీషు మాటకు సంస్కృతప్రత్యయము చేరి తెలుగు గ్రంథనామమైనది. 1884లో ఆయన లండనులో మరణించెను. కడపలో ఆయన బంగళా యుండిన తావున జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషిచే వెలసిన గ్రంథాలయము నేడు బ్రౌను పేర భాషాపరిశోధన కేంద్రమై యున్నది.

ఇట్టి మార్పు మఱియొక పేరునకును గలిగినది. మన్రో యనునది స్కాట్లండు ఇంటిపేరు. ఐర్లండులోని రో యను ఏటినుండి వచ్చినదని వారి పరంపర. థామస్ మన్రో 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. మదరాసు గవర్నరై మరల ఈ సీమను చూడవచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాచే మృతినొందెను. ఈ ప్రాంతపు రైతులు తమ బిడ్డలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకొనిరి. అచట ఇంటిపేరైనది ఇచట పెట్టినపేరైనది!

పరుల పేరులను ఇంత ఆదరముతో దాచుకొన్న మనము మన పేరుల విషయమున ఏమి చేయుచున్నాము? ఇంటిపేరును ఒక్క పొడియక్షరముగా కుదించితిమి. విదేశములకు పోవు మన యువకుల పత్రములలో 'రెడ్డి' యో, పెట్టినపేరో ఇంటిపేరు స్థానమున చేరుచున్నది. అసలు ఇంటిపేరు జాఱిపోవుచున్నది. రాయలసీమలో కరవులకును కలతలకును ఊళ్లు విడిచిన కుటుంబములెన్నో గలవు. వారు విడిచిన యూరికి పలుచోట్ల మిగిలిన సాక్ష్యము ఇంటిపేరొక్కటే. దానిని పోగొట్టుకొన్న బిడ్డకు తాతల యూరికి పోవు దారి తెలియదు.

కనుక ఇంటిలో పెద్దలుండగనే అడుగుడు: మన ఇంటిపేరు ఏ యూరిది? ఏ వృత్తిది? ఎవరు పెట్టిరి? విన్నదానిని ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. పొడియక్షరమును విప్పి, పూర్తిపేరును బిడ్డలచే పలికింపుడు. కడపలో ఒక పరదేశి మన మాటలను ఒక్కొక్కటిగా ఏర్చి కూర్చెను. మన ఇంటిపేరొక్కటి దాచుకొనుట మనకు భారము కాదు.