పచ్చగా కారే ముక్కు
(వైద్య శిబిరం వైద్యుని ప్రసంగ పాఠం)

 

మీ విరాళాలతో నడిచే శిబిరంలో నాకు తరచుగా వినబడే మాట ఇది: "డాక్టర్ సాబ్, బాబుకు ముక్కు పచ్చగా కారుతోంది, యాంటీబయాటిక్ రాయండి."

చీమిడిని అసహ్యించుకుంటాం గానీ అది ముక్కుకు కాపలాదారు. అందులో సుమారు 95 పాళ్లు నీరే. మిగిలినవి ఉప్పు, జిగురునిచ్చే మ్యూసిన్, క్రిములను చంపే ప్రొటీన్లు. పడిశం పట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తన చీమిడినే పరీక్షించి, బాక్టీరియాను కరిగించే లైసోజైమ్‌ను 1922లో ప్రకటించాడు. ఆయనకు పెన్సిలిన్ దొరికింది ఆ తర్వాతే, 1928లో!

ఇక ఆ పచ్చరంగు, క్రిములతో పోరాడటానికి వచ్చిన తెల్లరక్తకణాల్లోని ఒక ఎంజైముది. మామూలు పడిశం వైరస్ వల్ల వస్తుంది. దానిమీద యాంటీబయాటిక్ పనిచేయదు. వారం పదిరోజుల్లో అదే తగ్గుతుంది. పది రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టినా, జ్వరం ఎక్కువైనా, కంటిచుట్టూ వాచినా వైద్యుడికి చూపించాలి. ఆయాసం వస్తే క్షణం ఆగకూడదు. ఒక్క ముక్కురంధ్రం నుంచే దుర్వాసనతో కారుతుంటే లోపల ఏ బఠాణీ గింజో, పూసో ఇరుక్కుని ఉండవచ్చు. ఇంట్లో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది.

వచ్చే ఏడాది మందుల పద్దులో యాంటీబయాటిక్ సిరప్పులు కొంత తగ్గించి, ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కల మందు కొనాలని కమిటీ పెద్దలను కోరుతున్నాను.