ఇసుక మీద ఒక పగలు



మన ఖరగ్‌పూర్‌కి సముద్రం లేదు. కాళ్ళ కింద ఎర్ర మొరం నేల, చెవుల్లో రైలు కూతలు, ఊరి మధ్య 1072 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం ఉన్నాయి. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చేదాకా ప్రపంచంలో అదే అతి పొడవైనదని చెప్పుకున్నాం. ఈ చివర నుంచి ఆ చివరకి మామూలు నడకతో పదమూడు నిమిషాలు పడుతుంది. అలాంటి ప్లాట్‌ఫారాలు ఇరవై మూడు ఒకదాని వెనుక ఒకటి పేర్చారనుకోండి. అదే విశాఖపట్నం రామకృష్ణా బీచి నుంచి భీమిలి దాకా ఉన్న దూరం, సుమారు 25 కిలోమీటర్లు. మీలో చాలామంది తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్ళే. సాయంత్రం ఇక్కడ రైలెక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగుతారు. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఆ తీరం వెంట ఒక పగలు నడవండి. ఆ నడకలో ఏం చూడాలో ఈరోజు చెప్పుకుందాం.

ముందు లెక్క. రోడ్డు మీద గంటకి అయిదు కిలోమీటర్లు నడిచేవాళ్ళు ఇసుక మీద అంత వేగంగా పోలేరు. అడుగు వేసినప్పుడల్లా ఇసుక జారుతుంది, మన కండరాల శక్తి దాన్ని జరపడానికే ఖర్చవుతుంది. 1998లో బెల్జియం శాస్త్రజ్ఞులు కొలిచి చూస్తే, గట్టి నేల మీద కన్నా పొడి ఇసుక మీద నడవడానికి రెండు రెట్లకు పైగా శక్తి కావలసి వచ్చింది. అంటే పొడి ఇసుక మీద పాతిక కిలోమీటర్లు నడిస్తే ఒంటికి యాభై కిలోమీటర్ల పని అన్నమాట. మరెక్కడ నడవాలి? అల వెనక్కి తగ్గాక మిగిలే తడి పట్టీ మీద. తడి ఇసుకలో రేణువుల మధ్య పలుచని నీటిపొర ఉండి, తలతన్యత వల్ల వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. పిల్లలు కట్టే ఇసుక గూళ్ళు నిలబడేదీ అందుకే.

ఆ తడి ఇసుక మీద ఒక వింత కనిపిస్తుంది. కాలు మోపగానే పాదం చుట్టూ ఇసుక తెల్లబోయి, పొడిగా మారినట్టు ఉంటుంది. నొక్కితే స్పాంజిలోంచి నీళ్ళు బయటికి రావాలి కదా, ఇక్కడ లోపలికి పోతాయేమిటి? ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1885లో దీన్ని వివరించాడు. అలలు ఇసుక రేణువులను బాగా సర్ది, కిక్కిరిసి ఉండేలా పేరుస్తాయి. మీ బరువు పడ్డప్పుడు అవి ఒకదాని మీదుగా ఒకటి దొర్లాలి. దొర్లాలంటే కాస్త ఎడం కావాలి. ఎడమైతే మధ్యలో ఖాళీ పెరుగుతుంది, పైనున్న నీరు ఆ ఖాళీలోకి దిగిపోతుంది. కాలు తీసి ఒక్క క్షణం ఆగండి, ఆ గుంటలో నీరు మళ్ళీ ఊరుతుంది. దీనికి పరికరాలేవీ అక్కర్లేదు, చెప్పులు విప్పితే చాలు.

అయితే ఆ తడి పట్టీ ఎప్పుడూ ఉండదు. రోజుకి రెండు పోట్లు, రెండు ఆటులు. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి ఈరోజు ఉదయం తొమ్మిదికి ఆటు అయితే, రేపు పదికి పది నిమిషాల ముందు వస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఈ వేళలను ముందుగానే ప్రకటిస్తుంది. చూసుకుని బయలుదేరండి.

మనకు దగ్గరి తీరం దిఘా. అక్కడ ఆటు వేళ సముద్రం ఎంతో దూరం వెళ్ళిపోవడం మీరు చూసే ఉంటారు. విశాఖలో అలా జరగదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో దిఘా వైపు నీటిమట్టం నాలుగు మీటర్ల దాకా మారుతుంది. బంగాళాఖాతం కొస అక్కడ గరాటులా ఇరుకవుతుంది, లోతూ తక్కువ. విశాఖలో ఆ మార్పు ఒకటిన్నర మీటరే. దానికి తోడు వాలు. నూరు మీటర్లకు ఒక మీటరు దిగే తీరంలో నాలుగు మీటర్ల ఆటు అంటే నీరు 400 మీటర్లు వెనక్కి పోతుంది. పది మీటర్లకు ఒకటి చొప్పున దిగే తీరంలో ఒకటిన్నర మీటర్లకు పదిహేను మీటర్లే పోతుంది.

దిఘా, మందార్‌మణి తీరాల్లో కొండలూ కనిపించవు. ఆ నేలంతా నదులు మోసుకొచ్చిన మట్టీ ఇసుకా. విశాఖలో తూర్పు కనుమలు సముద్రం దాకా వస్తాయి. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ అనే యారాడ కొండ, ఉత్తరాన కైలాసగిరి, రుషికొండ. ఈ కొండల్లో ఖోండలైట్ అనే రాయి ఎక్కువ. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒడిశా కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరిట దానికి ఆ పేరు పెట్టాడు. కోణార్క ఆలయంలో ఎక్కువగా వాడిందీ ఈ రాయే. ఇందులో గార్నెట్ రేణువులుంటాయి. అలలు వాటిని జల్లెడ పట్టి తేలికైన ఇసుకను లాగేస్తే, బరువైన గార్నెట్ ఎర్ర చారలుగా, ఇల్మనైట్ నల్ల చారలుగా ఒడ్డున మిగులుతాయి. ఎవరో రంగు పోశారనుకోకండి.

కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట అలలు ఎలా తిరుగుతున్నాయో పైనుంచి చూడండి. లోతు తక్కువైన చోట అల వేగం తగ్గుతుంది, దాని దిశ మారుతుంది. మీరు కాంతి పాఠంలో చదివిన వక్రీభవనమే ఇది. ఫలితంగా అలల శక్తి కొండ అగ్రం మీద కేంద్రీకృతమై రాతిని కొడుతుంది. పక్కనున్న వంపులో అలలు శాంతించి ఇసుకను దింపుతాయి. అందుకే ఈ తీరంలో రాయి, ఇసుక, మళ్ళీ రాయి. రాళ్ళు అడ్డొచ్చినచోట వాటి మీద పాకకుండా బీచి రోడ్డెక్కి దాటండి. నాచు పట్టిన రాయి దేన్నీ క్షమించదు.

ఇసుక కూడా నడుస్తుంది. నైరుతి రుతుపవనాల అలలు దాన్ని ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాలవి దక్షిణానికి తోస్తాయి. ఏడాది మొత్తం మీద ఉత్తరపు వాటాయే ఎక్కువ. 1970లలో విశాఖ ఔటర్ హార్బర్ కోసం కట్టిన రాతి గోడలు ఈ ప్రయాణానికి అడ్డుపడ్డాయి. గోడకి దక్షిణాన ఇసుక పేరుకుంది, ఉత్తరాన రామకృష్ణా బీచి కోతకు గురైంది. ఆగిన ఇసుకను తవ్వి, పంపులతో బీచికి తోడిపోయడం అప్పటినుంచి పోర్టుకు తప్పని పని అయింది.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన విషయం. ఈ తీరంలో దాదాపు ప్రతి ఏడాదీ మీ వయసు పిల్లలు మునిగి చనిపోతున్నారు. వాళ్ళలో ఈత వచ్చినవాళ్ళూ ఉంటారు. అలలు ఒడ్డుకి తోసిన నీరు తిరిగి వెళ్ళాలి కదా. అది ఒక ఇరుకు దారి చేసుకుని వేగంగా సముద్రంలోకి పోతుంది. దీన్ని రిప్ కరెంట్ అంటారు. అక్కడ అలలు విరగవు, నీరు ప్రశాంతంగా ఉంటుంది. అందుకే కొత్తవాళ్ళు అదే మంచి చోటని దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డువైపు ఈదకండి, గజ ఈతగాడు కూడా అలసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈదండి. ఆ దారి ఇరుకు కనుక కొద్ది దూరంలోనే బయటపడతారు. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తండి. ఒడ్డున ఉన్న స్నేహితుడు వెంట దూకకూడదు. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, తాడు, ఏది దొరికితే అది విసిరి, మత్స్యకారులనో గార్డులనో కేకేయాలి. మోకాలు దాటి నీళ్ళలోకి దిగవద్దన్నది నా మాట. నడకకి అంతకన్నా అక్కర్లేదు.

మధ్యాహ్నం దాటాక, భీమిలికి ముందు, ఎడమచేతి వైపు ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. మన గర్‌బేటా దగ్గర శిలావతి ఒడ్డున గంగని చూసినవాళ్ళకి రంగూ గండ్లూ తెలిసినట్టే ఉంటాయి. కానీ పుట్టుక వేరు. గంగనిది లాటరైట్, ఇవి ఇసుక తిన్నెలు. సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట, మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. తీరం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోయి, బయటపడిన ఇసుకను గాలి తెచ్చి ఇక్కడ పోసింది. ఈ పోత ఒక్కసారి జరిగింది కాదు, వేల ఏళ్ళపాటు సాగింది. రేణువుల మీద ఇనుము ఆక్సైడు పూతపట్టి ఎర్రబడింది. వాన ఆ దిబ్బలను కోసి లోయలు చేసింది. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అయినా 2024లో వీటిని ఆనుకుని తవ్వకాలు సాగడం మీద పెద్ద గొడవే జరిగింది. గట్టిపడని ఇసుక ఇది. గట్టు అంచున మీరు ఎక్కిన ప్రతిసారీ కొంత రాలుతుంది. బాట మీదే నడవండి, గుప్పెడు మట్టి కూడా జేబులో వేసుకోకండి.

భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలుస్తుంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఒడ్డున నిలబడి వెనక్కి చూడండి. 1.6 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి దిగంతం నాలుగున్నర కిలోమీటర్లే. నూరు మీటర్ల కొండ మీదికెక్కితే అది 36 కిలోమీటర్లు. అందువల్ల పొద్దున బయలుదేరిన ఇసుక మీకు కనపడదు గానీ, గాలి తేటగా ఉంటే యారాడ కొండ తల కనపడవచ్చు. విశాఖకి బస్సు దొరుకుతుంది. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోండి, సముద్రం అటే ఉంటుంది.