ముసలి దోమతోనే డేంజర్!

1999లో న్యూయార్క్‌లో కాకులు వరసగా చచ్చిపడ్డాయి. ఆ ఏడాదే అక్కడ 7 మంది మనుషులూ పోయారు. కారణం వెస్ట్ నైల్ వైరస్. దీన్ని పక్షి నుంచి పక్షికి మోసేది క్యూలెక్స్ దోమ.

దోమల మందు ఎప్పుడు కొట్టాలో ఊరి మీద ప్రయోగాలు చేసి తేల్చలేం కదా! అందుకే కంప్యూటర్ సిమ్యులేషన్. గేమ్‌లాగా స్క్రీన్ మీద పక్షుల్ని, దోమల్ని పెట్టి, ఒక్క పక్షికి వైరస్ ఇచ్చి, రోజులు ముందుకి నడుపుతాం.

నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటంటే, దోమల సంఖ్య తగ్గించినదానికన్నా వాటి ఆయుష్షు తగ్గిస్తే వ్యాప్తి ఇంకా బాగా పడిపోతుంది. ఎందుకు? జబ్బు పక్షిని కుట్టిన దోమ వెంటనే వైరస్ అంటించలేదు. అది దోమ కడుపులోంచి లాలాజలంలోకి చేరడానికి వారం, పది రోజులు పట్టొచ్చు. అంతలోపే దోమ చస్తే గొలుసు తెగినట్టే!