దయ్యాల మీద టైపింగు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ఇంజినీరును కాబట్టి కృత్రిమ మేధ గురించో పోలవరం గురించో మాట్లాడతానని కార్యదర్శిగారు అనుకున్నట్టున్నారు. నేను ఒక వీడియో గేమ్ గురించి చెబుతాను. అందులోనూ దయ్యాల గేమ్. మాస్టార్లు లేచి వెళ్ళిపోకపోతే ఎందుకో కూడా చెబుతాను.

1999లో వై2కె పని మీద అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళలో నేనూ ఒకణ్ణి. న్యూజెర్సీలో రెండు గదుల ఇంట్లో అయిదుగురం ఉండేవాళ్ళం. పగలంతా పాత కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం, రాత్రి వంతులవారీగా వంట చేయడం, అదీ మా బతుకు. ఆ ఏడాది సెప్టెంబరు 9న సెగా కంపెనీ అమెరికాలో డ్రీమ్‌కాస్ట్ అనే ఆటల పెట్టెను 199 డాలర్లకు విడుదల చేసింది. మా గదిలో ఒకాయన దాన్ని కొన్నాడు. దాంతోపాటు 'ది హౌస్ ఆఫ్ ది డెడ్ 2' కూడా తెచ్చాడు. అంతకు ముందు ఏడాదే ఆటల సెంటర్లలో నాణెం వేసి ఆడే యంత్రంగా వచ్చిన గేమ్ అది. పేరులోనే ఉంది కదా, రెండో భాగం. కథ జరిగేది 2000 సంవత్సరంలో. ఊరంతా శవాలు లేచి మనుషుల మీద పడుతుంటాయి. 2000లో ఏమవుతుందో అని జనం భయపడబట్టే జీతాలు తీసుకుంటున్న మా అయిదుగురికీ అది చూసి నవ్వాగలేదు.

ఈ రకం ఆటను రైల్ షూటర్ అంటారు. నడక మన చేతిలో ఉండదు. ఏలూరులో పాసింజరు ఎక్కినవాడు భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు మీదుగా తాడేపల్లిగూడెం వెళ్ళాల్సిందే. మధ్యలో కొల్లేరు వైపు తిప్పమంటే ఎవరు తిప్పుతారు? అలాగే ఈ ఆటలో కంప్యూటరు ఎటు తీసుకెళితే అటే వెళ్తాం. మన చేతిలో ఉండేది తుపాకి గురి ఒక్కటే. అయితే ఇందులో ఒక కిటుకు పెట్టారు. దారిలో అక్కడక్కడా బతికున్న మనుషులు ఆ శవాల చేతికి చిక్కి అరుస్తుంటారు. సమయానికి కాల్చి వాళ్ళను కాపాడితే ఒక్కోసారి దారి మారుతుంది. లేకపోతే బండి మామూలు దారిలోనే పోతుంది.

ఊరు వెనిస్ లాంటిది, అన్నీ కాలవలే. నీళ్ళలోంచి అయిదు తలల పాము లేచే ఘట్టం ఒకటుంది. నా పక్కన కూర్చున్న ఢిల్లీ అబ్బాయి కెవ్వుమన్నాడు. నేను మాత్రం కొల్లేట్లో తాటిదోనె మీద, కిక్కిస మధ్యలోంచి పోతున్నప్పుడు పక్కనే బుడుంగుమని చప్పుడైతే ఎంత భయపడతామో తెలిసినవాణ్ణి. నాకు అంత అనిపించలేదు. (అప్పుడు లేచింది నీటికాకి అనుకోండి.)

ఆ తుపాకి సంగతి రెండు ముక్కలు చెప్పాలి. ఇంజినీరును కదా, ఊరుకోలేను. అందులోంచి ఏమీ బయటికి రాదు. అది చూస్తుంది, అంతే. పాత గొట్టపు టీవీలో బొమ్మ ఒక్కసారిగా రాదు. ఒక కిరణం ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి వరస వరసగా గీసుకుంటూ వస్తుంది. మీరు మీట నొక్కగానే తెర తెల్లగా వెలుగుతుంది. తుపాకి మొనలోని సెన్సరు తాను చూస్తున్న చోట వెలుతురు ఏ క్షణాన వచ్చిందో పట్టుకుంటుంది. ఆ క్షణాన్ని బట్టి మీ గురి ఎక్కడో పెట్టె లెక్క కడుతుంది. అందుకే ఇప్పటి పలక టీవీల ముందు ఆ తుపాకి పనిచేయదు. గొట్టపు టీవీలతోపాటు అదీ మూలపడింది.

నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాత వచ్చిన గేమ్ గురించి. సెగావాళ్ళు ఇదే ఆటను, ఇవే వీధుల్ని, ఇవే శవాల్ని తీసుకుని తుపాకి తీసేసి కీబోర్డు పెట్టారు. పేరు 'ది టైపింగ్ ఆఫ్ ది డెడ్'. జపాన్‌లో 1999లో ఆటల సెంటర్లలోకి, 2000లో డ్రీమ్‌కాస్ట్‌కు వచ్చింది, తర్వాత మామూలు కంప్యూటర్లకూ వచ్చింది. శవం మీదికి వస్తుంటే దాని ముందు ఒక ఇంగ్లీషు మాట కనబడుతుంది. అది మిమ్మల్ని చేరేలోపు ఆ మాట టైపు చేయాలి. ఒక్కో అక్షరం ఒక్కో తూటా. తెర మీద కథానాయకులు మెడకు కీబోర్డు తగిలించుకుని, వీపున డ్రీమ్‌కాస్ట్ పెట్టె మోస్తూ గంభీరంగా పరుగెత్తుతుంటారు. దీన్ని తలచినవాడు మహానుభావుడు.

ఇక్కడ ఉన్నవాళ్ళలో సగంమంది పదో తరగతి సెలవుల్లో టైపు నేర్చుకున్నవాళ్ళే. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. నేను లోయరుతో ఆగాను. నా బెంచీవాడు హయ్యరు పాసయ్యాడు. వాడి రెమింగ్టన్ మోత వింటే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టుండేది. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. ముందు వరసలోనే ఉన్నాడు.

వాడు చాలాకాలం కొల్లేటి చేపల చెరువుల దగ్గర లెక్కలు రాశాడు. 2006లో గట్లు కొట్టేశాక గూడెంలో ఉల్లిపాయల కొట్టుకు మారాడు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట కూడా ముద్దగా వచ్చేది. ఫిజియోథెరపిస్టు వచ్చి బంతి నొక్కమన్నాడు, పెసలు ఏరమన్నాడు. చెయ్యి కొంచెం లేచింది. వేళ్ళు మాత్రం కదలలేదు. నిజం చెప్పాలంటే, వాడు కదిలించలేదు. "అన్నయ్యగారూ, బంతి ఇస్తే గోడకేసి కొడుతున్నారండీ" అని చెల్లెమ్మ ఫోన్ చేసింది. కొట్టు యజమాని మంచివాడే, కానీ బిల్లులు కొట్టేవాడు లేకుండా ఎన్నాళ్ళు ఆగగలడు?

నేను పాత ల్యాప్‌టాప్‌లో ఆ గేమ్ ఎక్కించుకుని గూడెం వెళ్ళాను. వాడు తెర చూసి, ఎడమ చేత్తో నా వీపు మీద ఒకటి వేశాడు. "యాభై దాటాక ఇదేంట్రా?" అనడానికి పావు నిమిషం పట్టింది. నేను కీబోర్డును మధ్యకు జరిపి చెప్పాను: ఎడమ సగం నాది, కుడి సగం నీది. ఒక్కడుగా ఆడితే ఎడమ చేత్తో లాగించేస్తాడని నాకు తెలుసు.

మొదటి రోజు నిమిషం కూడా బతకలేదు. నా అక్షరాలు టకటకా పడేవి. వాడి అక్షరం దగ్గర బండి ఆగేది. శవం వచ్చి గొడ్డలితో వేసేది. వాడికి కోపం వచ్చేది, శవం మీద! బంతి మీద రాని కోపం అది. ఇంకో మేలు కూడా ఉంది. టైపు పరీక్షలో తప్పు కొడితే మార్కు పోతుంది. ఇక్కడ తప్పు మీట నొక్కితే ఏమీ కాదు. అదే అక్షరం దగ్గర మాట మీకోసం కాచుకుని ఉంటుంది. పోయేది కాస్త సమయం, అంతే.

మూడో రోజుకు వాడే ఆట ఆపి, మామూలు ఫైలు తెరిచి, కుడి చేతికే వచ్చే మాటలు ఏమున్నాయని అడిగాడు. ఇద్దరం కూర్చుని వెతికాం. ఒపీనియన్, మిలియన్ దొరికాయి. తర్వాత వాడే కనిపెట్టాడు, ఆనియన్. అయిదు అక్షరాలూ కుడి చేతివే! ఉంగరం వేలు, చూపుడు వేలు, మధ్య వేలు, మళ్ళీ ఉంగరం వేలు, చూపుడు వేలు. పదిహేనేళ్ళకు పైగా ఉల్లిపాయల బిల్లులు రాసినవాడికి ఆ సంగతి అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం ఆ ఒక్క మాటే పేజీ నిండా కొట్టాడు. సగం తప్పులు. చెల్లెమ్మ ఆ పేజీని ప్రింటు తీయించి దాచింది.

దయ్యాల ఆట పక్షవాతానికి మందు అని నేను అనడం లేదు. వాడి చెయ్యి లేపింది ఫిజియోథెరపిస్టు, ఏడాదిన్నర ఓపిక. ఆట చేసిందల్లా వాడు రోజూ మళ్ళీ కూర్చునేలా చేయడం. నేను హైదరాబాదు వెళ్ళిపోయాక నా సగం వాళ్ళమ్మాయి తీసుకుంది. నాకంటే వేగంగా కొడుతుందట. ఏదో అసూయగా అనిపించింది.

మాస్టార్లు అడుగుతారని ముందే చెబుతున్నాను. ఇది పిల్లల ఆట కాదు. నెత్తురుంది. రెండో భాగానికి అమెరికాలో పెద్దల ఆటగా గుర్తు వేశారు, ఆ గుర్తు సరైనదే. ఎనిమిదో తరగతివాడికి ఇవ్వొద్దు. కానీ మన బడి కంప్యూటరు గదిలో పిల్లలు రెండు చూపుడు వేళ్ళతో కోడి గింజలు ఏరినట్టు కొడుతుంటే నిన్న చూశాను. టైపు ఇన్‌స్టిట్యూట్లు మూతపడ్డాయి, పది వేళ్ళూ నేర్పేవాళ్ళు లేరు. శవాలకు బదులు గాలిపటాలు పెట్టి ఇలాంటిదే ఒకటి రాయడం మనలో ఉన్న సాఫ్ట్‌వేరువాళ్ళకు వారం పని. తెలుగు మాటలతో అయితే రెండు వారాలు. సంఘం సరేనంటే నేను మొదలుపెడతాను, పేర్లు ఇచ్చేవాళ్ళు కార్యదర్శిగారికి ఇవ్వండి.

మావాడు ఇప్పుడు మళ్ళీ కొట్టుకు వెళ్తున్నాడు, పూటకు సరిపడా. బిల్లులు వాడే కొడుతున్నాడు. చిటికెన వేలు ఇంకా సరిగా రాదు, 'పి' ఉన్న మాట వస్తే తిట్టుకుంటాడు. ఆటలో ఆఖరి రాక్షసుడు ఎంపరర్ దగ్గర మేమిద్దరం ఇంకా ఓడిపోతూనే ఉన్నాం. ల్యాప్‌టాప్ తెచ్చాను. భోజనాలయ్యాక కంప్యూటరు గదిలో కూర్చుంటాం. హయ్యరు పాసైనవాళ్ళు ఎవరైనా ఉంటే రండి.